మైక్ పైకి లేపి ఉంచిన 8 నెలలు

 పోస్టు కొంచెం పొడుగుంటది. మెస్ లైన్లోనో, బస్సులోనో ఉన్నప్పుడు తీరిగ్గా చదవండి.

మేము నలుగురం కొంపల్లిలో ఒకే రూములో ఉంటున్నాం. ఇద్దరం మహబూబాబాద్ వైపు తండాల నుంచి వచ్చిన లంబాడోళ్లం, ఒకరు ఏటూరునాగారం వైపు కోయ, ఒకరు ఉట్నూరు వైపు గోండు. బయట మన మధ్య ఎన్ని వాదనలున్నా మా రూము కిరాయి మాత్రం సమానంగా నాలుగు భాగాలే. హైవే మీద లారీల మోత రాత్రి 2 గంటలకు కూడా ఆగదు కాబట్టి మా రూములో ఫ్యాన్ తర్వాత ఎక్కువ వాడే వస్తువు హెడ్‌సెట్. అది నలుగురికీ ఒక్కటే. ఊరికి వెళ్లిపోతున్న సీనియర్ అన్న దగ్గర 1500 రూపాయలకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. టర్టిల్ బీచ్ రీకాన్ 70. గేములు ఆడేవాళ్ల కోసం చేసిన హెడ్‌సెట్. ఎడమ చెవి డొప్పకు చిన్న కర్రలాగా మైక్ ఉంటది. నోటి దగ్గరికి దించితే మన మాట అవతలికి పోతుంది. పైకి లేపితే మ్యూట్.

మేము ఆ మైకును దాదాపు 8 నెలలు పైకి లేపే ఉంచాం. ఎందుకో ముందు చెప్పాలి.

మొదటి కారణం గేమ్. సెమిస్టర్ అయిపోయిన రాత్రి బీజీఎంఐ ఆడుతున్నాం. మాలో ఒకడు తెలియని వాళ్ల స్క్వాడ్‌లో కలిశాడు. "అన్నా, ఎడమ దిక్కు ఇంట్ల ఒకడున్నడు" అన్నాడు. అంతే. అవతలి నుంచి ఒకడు ఆ మాటను సాగదీసి వెక్కిరించాడు. ఇంకొకడు "ఏ అడవిలోంచి వచ్చినవ్ రా" అన్నాడు. మిగతా మాటలు ఇక్కడ రాయం, ఈ గ్రూపులో చాలామంది విన్నవే. మావోడు ఏమీ అనలేదు. మైక్ పైకి లేపాడు. గేమ్ మాత్రం చివరిదాకా ఆడాడు, ఆ స్క్వాడ్‌లో అందరికంటే ఎక్కువ కిల్స్ వాడివే.

రెండో కారణం ఇంటర్వ్యూ. మాలో ఇంకొకరు ఒక కాల్ సెంటర్ ఉద్యోగానికి ఇదే హెడ్‌సెట్ పెట్టుకుని ఫోన్లో ఇంటర్వ్యూ ఇచ్చారు. ప్రశ్నలకు జవాబులు బాగానే చెప్పారు. చివర్లో అవతలి మేడమ్ "ఎంటీఐ ఎక్కువగా ఉంది" అన్నారు. ఎంటీఐ అంటే మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్, మాతృభాష ప్రభావం. మేము చదివిన బడిలో మా భాషకు పుస్తకం లేదు, పరీక్ష లేదు, మార్కులు లేవు. మార్కులు కట్ చేయడానికి మాత్రం అది ఉన్నట్టు అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి ఆన్‌లైన్ క్లాసుల్లో కూడా "సార్, మైక్ పనిచేస్తలేదు" అని చాట్‌లో రాయడం మొదలుపెట్టాం. మైక్ బాగానే ఉండేది.

తర్వాత అది నిజంగానే పాడైంది. ఫోనుకు గుచ్చే పిన్ను దగ్గర వైరు మేమే వంచి వంచి తెంపాం. ఎడమ చెవి పోయింది, మైక్ పోయింది. సుచిత్ర దగ్గర సెల్ రిపేర్ షాపు అన్న చూసి "ఇది పారేసి కొత్తది కొనుక్కోండి తమ్మీ, రిపేర్ చేసినా ఆగదు" అన్నాడు. కొత్తది కొనే పైసలు లేవు. మాలో ఒకరిది ఈసీఈ. కోఠి గుజరాతీ గల్లీకి పోయి సోల్డరింగ్ ఐరన్, సీసం, కొత్త పిన్ను తెచ్చాడు. అందరం నేల మీద న్యూస్ పేపర్ పరుచుకుని కూర్చున్నాం.

పిన్నును దగ్గర నుంచి చూస్తే దాని మీద మూడు నల్ల గీతలుంటాయి. ఆ గీతలు దాన్ని నాలుగు ముక్కలు చేస్తాయి. కొస నుంచి లెక్కపెడితే ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండ్, మైక్. కొన్ని పాత ఫోన్లలో చివరి రెండూ తారుమారుగా ఉంటాయి. అందుకే ఒక ఫోనులో పనిచేసిన మైక్ ఇంకో ఫోనులో పనిచేయదు, మనం హెడ్‌సెట్ పోయిందనుకుంటాం. వైరు లోపలి రాగి పోగుల మీద రంగు పూత ఉంటది. ఆ పూతను వేడితో కాల్చకపోతే సీసం అంటదు. ఇది తెలియక మొదటి రాత్రంతా పాడుచేశాం. రెండో రాత్రి ఎడమ చెవి పలికింది. మైకు వైరు ఆఖరికి అతికించాం.

అతికించేటప్పుడు మాలో ఒకరు అడిగారు, "ఈ తాబేళ్ల బీచ్ కంపెనీ అసలు ఎవరిది? చైనాదా?" వెతికి చదవడం మొదలుపెట్టాం. వారం రోజులు అదే పని. చదివిన కథ మాకు అవసరమైనదే అనిపించింది, అందుకే ఈ పోస్టు.

ఈ కంపెనీకి వేర్లు రెండు. మొదటి వేరు 1975లో న్యూయార్క్ ప్రాంతంలో మొదలైన ఆక్టేవ్ అనే చిన్న కంపెనీ. కార్మైన్ బొనానో అనే ఇంజనీరుది. అప్పుడు హెడ్‌సెట్ల ఊసే లేదు. వాళ్లు చేసింది సింథసైజర్లు, అంటే కరెంటుతో రకరకాల శబ్దాలు పుట్టించే కీబోర్డు వాయిద్యాలు. మొదట్లో వచ్చిన ఒకదాని పేరు క్యాట్, పిల్లి. దాని చిన్న రూపం కిట్టెన్, పిల్లికూన. తర్వాత 1980ల మొదట్లో వోయెట్రా ఎయిట్ అనే పెద్ద సింథసైజర్ చేశారు. ఒకేసారి ఎనిమిది స్వరాలు పలికేది. కానీ జపాన్ నుంచి డిజిటల్ కీబోర్డులు తక్కువ ధరకు వచ్చి పడ్డాయి. యమహా డీఎక్స్ 7 వచ్చింది 1983లోనే. చేత్తో కట్టే ఖరీదైన వాయిద్యాలకు ఆ పోటీలో చోటు తగ్గిపోయింది. బొనానో, ఆయన పార్ట్‌నర్ ఫ్రెడ్ రొమానో ఏం చేశారంటే, అప్పుడే ఇళ్లలోకి వస్తున్న ఐబీఎం కంప్యూటర్ మీద సంగీతం కూర్చే సాఫ్ట్‌వేర్ రాశారు. పేరు సీక్వెన్సర్ ప్లస్. కంపెనీ పేరును కూడా వోయెట్రా అని మార్చుకున్నారు.

రెండో వేరు టర్టిల్ బీచ్. 1985లో రాయ్ స్మిత్, రాబర్ట్ హోక్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. వాళ్ల తొలి పని కూడా సాఫ్ట్‌వేరే. రికార్డు చేసిన శబ్దాన్ని కంప్యూటర్ తెర మీద గీతలాగా చూపించి, అక్కడే కోసి అతికించే సాఫ్ట్‌వేర్. ఇప్పుడు మనం ఫోనులో రింగ్‌టోన్ కట్ చేసేటప్పుడు కనిపించే అలల బొమ్మ ఉంది కదా, అలాంటిదే. తర్వాత సౌండ్ కార్డులలోకి వచ్చారు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే టిక్కు టిక్కు, బీప్ బీప్ మాత్రమే. పాట వినాలన్నా, గేమ్‌లో తుపాకీ పేలాలన్నా లోపల విడిగా ఒక కార్డు పెట్టాలి. సింగపూర్ కంపెనీ క్రియేటివ్ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ ఇంటింటి పేరైంది. టర్టిల్ బీచ్ 1992లో మల్టీసౌండ్ తెచ్చింది. ఖరీదైనదే, కానీ సంగీతం చేసేవాళ్లు మెచ్చుకున్నారు. 1996 చివర్లో వోయెట్రా వాళ్లు టర్టిల్ బీచ్‌ను కొన్నారు. రెండు వేర్లు ఒక చెట్టయ్యాయి.

1990ల చివర్లో వాళ్ల మాంటెగో కార్డు వచ్చింది. అందులో శబ్దం ఏ దిక్కు నుంచి వస్తుందో చెవికి తెలిసేలా చేసే పద్ధతి ఉంది. అడవిలో ఆకు చప్పుడైతే మన పెద్దలు తల తిప్పకుండానే "అటు దిక్కు" అంటారు కదా. కారణం సులువే. కుడివైపు చప్పుడు కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ ఆలస్యంగా, కొంచెం తగ్గి చేరుతుంది. చెవి డొప్ప ఆకారం కూడా శబ్దాన్ని కొంచెం మారుస్తుంది. మెదడు ఆ తేడాలన్నీ పట్టుకుని దిక్కు చెప్తుంది. కంప్యూటర్ ఆ తేడాలను లెక్కగట్టి రెండు చెవులకూ విడివిడిగా పంపితే, లేని మనిషి వెనక నుంచి నడిచొస్తున్నట్టు వినిపిస్తుంది. బీజీఎంఐలో అడుగుల చప్పుడు విని మనం ఎటు తిరగాలో తెలుసుకునేది ఈ లెక్కతోనే.

ఇంత నేర్చుకున్నాక మళ్లీ కాళ్ల కింద నేల పోయింది. 1997లో ఇంటెల్ ఏసీ 97 అని ఒక పద్ధతి తెచ్చింది. దాంతో సౌండ్ పని మదర్‌బోర్డులోనే అయిపోవడం మొదలైంది. కొన్నేళ్లలో మామూలు మనిషికి సౌండ్ కార్డు కొనాల్సిన పనే లేకుండా పోయింది. సింథసైజర్లు పోయాయి, ఇప్పుడు కార్డులూ పోతున్నాయి.

ఇక్కడ మాకు మన దగ్గరి కథ ఒకటి గుర్తొచ్చింది. కొంపల్లి దాటి ఇదే హైవే మీద ముందుకు పోతే మేడ్చల్. 2009లో హైదరాబాద్‌లో మొదలైన సెల్‌కాన్ మొబైల్ కంపెనీ 2015లో మేడ్చల్‌లో ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టింది. మా రెండు తండాల్లో ఒకదానిలో చాలామంది మొదటి ఫోన్ సెల్‌కానే. రెండు సిమ్ములు, పెద్ద సౌండ్, మెమరీ కార్డు నిండా పాటలు. పొలంలో గట్టు మీద పెడితే నాట్లేసే వాళ్లందరికీ వినిపించేది. యాడి ఇప్పటికీ ఆ ఫోను డబ్బా దాచింది, అందులో సూదులు, దారాలు ఉంటాయి. ఆ రోజుల్లో మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా, సెల్‌కాన్ లాంటి మన దేశపు పేర్లే మార్కెట్‌లో ఎక్కువగా కనిపించేవి. తర్వాత షావోమీ, వివో, ఒప్పో వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో 4జీ వచ్చింది. 4జీ లేని ఫోను చేతిలో ఇటుకలాగా అయిపోయింది. మన దేశపు బ్రాండ్లన్నీ దాదాపు ఒకేసారి వెనక్కి పోయాయి. వాళ్లలో చాలామంది చైనాలో డిజైన్ చేసిన ఫోన్ల మీద తమ పేరు వేసి అమ్మినవాళ్లే. అమ్మే నేర్పు మనది, లోపలి పని నేర్పు బయటివాళ్లది. నేల కదిలినప్పుడు పట్టుకోవడానికి ఏమీ మిగలలేదు.

టర్టిల్ బీచ్ వాళ్లకు కార్డు పోయినా చేతిలో ఒకటి మిగిలింది, శబ్దం గురించి 30 ఏళ్లుగా తెలిసిన పని. దాంతోనే హెడ్‌సెట్‌లోకి వచ్చారు.

ఎలా వచ్చారన్నది మాకు అన్నిటికంటే నచ్చిన భాగం. 2002 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ లైవ్ మొదలుపెట్టింది. ఇంట్లో టీవీ ముందు కూర్చుని, ఎక్కడో ఉన్నవాళ్లతో ఇంటర్నెట్‌లో ఆడొచ్చు, ఆడుతూ మాట్లాడొచ్చు. దాని కిట్‌తో పాటు ఒక చిన్న హెడ్‌సెట్ ఇచ్చారు. ఒక చెవికి మాత్రమే పెట్టుకునేది, మనుషుల మాటల కోసం. గేమ్ సౌండ్ మాత్రం టీవీ నుంచి వచ్చేది. ఇంట్లోవాళ్లు పడుకుంటే టీవీ తగ్గించాలి, అప్పుడు అడుగుల చప్పుడు వినిపించదు. టీవీ పెంచితే దోస్తు మాట వినిపించదు. 2005లో టర్టిల్ బీచ్ ఎక్స్ 51 తెచ్చింది. రెండు చెవులకూ హెడ్‌ఫోన్, నోటి దగ్గర మైక్, మధ్యలో చిన్న యాంప్లిఫయర్. గేమ్ సౌండ్, మనిషి మాట రెండూ కలిసి ఒకే చోట వినిపిస్తాయి. అంతకుముందు మంచి హెడ్‌ఫోన్లు లేక కాదు, మైకులు లేక కాదు. గేమ్ వినడం, మనిషితో మాట్లాడటం రెండూ ఒకే మనిషికి ఒకేసారి కావాలని గుర్తుపట్టి కలపడమే వాళ్లు చేసిన పని.

2007లో హేలో 3, కాల్ ఆఫ్ డ్యూటీ 4 లాంటి గేములు వచ్చి కోట్ల మంది స్క్వాడ్‌లు కట్టి ఆడటం మొదలుపెట్టారు. హెడ్‌సెట్ అమ్మకాలు దాంతో పాటే లేచాయి. సౌండ్ కార్డుల కంపెనీ కొన్నేళ్లలో గేమింగ్ హెడ్‌సెట్ల కంపెనీ అయిపోయింది.

అక్కడితో కథ సుఖాంతం అనుకుంటే పొరపాటే. 2014 జనవరిలో పారామెట్రిక్ సౌండ్ అనే కంపెనీతో కలిసి షేర్ మార్కెట్‌లోకి వచ్చారు. షేరుకు పెట్టుకున్న గుర్తు హియర్, అంటే విను. పారామెట్రిక్ వాళ్ల దగ్గర శబ్దాన్ని టార్చి లైటులాగా ఒక్క దిక్కుకే పంపే టెక్నాలజీ ఉండేది. దాని మీద పెట్టిన ఆశలు ఫలించలేదు, తర్వాత ఆ వ్యాపారాన్ని వదిలేసుకున్నారు. షేరు ధర ఒక డాలరు కంటే కిందికి పడిపోయింది. కంపెనీ పనైపోయిందని చాలామంది అనుకునే సమయంలో, 2017 సెప్టెంబరులో ఫోర్ట్‌నైట్ బ్యాటిల్ రాయల్ వచ్చింది. 100 మంది ఒక దీవిలో దిగే ఆట. పక్కవాడితో మాట్లాడకుండా గెలవడం కష్టం. 2017లో 14.9 కోట్ల డాలర్లున్న అమ్మకాలు 2018లో 28.7 కోట్ల డాలర్లయ్యాయి. కరోనాతో అందరూ ఇళ్లలో ఉండిపోయిన 2020లో 36 కోట్ల డాలర్లు. మళ్లీ 2022లో 24 కోట్లకు పడ్డాయి. ఈ మధ్యలో 2019లో జర్మనీ కంపెనీ రోకాట్‌ను కొని కీబోర్డులు, మౌసులు మొదలుపెట్టారు. 2024లో గేమ్ కంట్రోలర్లు చేసే పీడీపీని 11.8 కోట్ల డాలర్లకు కొన్నారు. ఒక్క వస్తువు మీదే బతికితే ఏమవుతుందో వాళ్లకు రెండుసార్లు తెలిసొచ్చింది కదా.

ఇది అమెరికా కంపెనీయే, కానీ "చైనాదా?" అన్న మా ప్రశ్న పూర్తిగా తప్పేమీ కాదు. డిజైన్ వాళ్లది, తయారీ చాలావరకు ఆసియాలోని కాంట్రాక్టు ఫ్యాక్టరీలలో. చెవికి పెట్టుకునే వస్తువులు తయారుచేసే పని ఇప్పుడు మన రాష్ట్రానికి కూడా వచ్చింది. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో 2023లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. 2025లో అక్కడ ఆపిల్ ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైంది. కొంపల్లి నుంచి చూస్తే అది నగరానికి సరిగ్గా అవతలి కొస. మన పిల్లలకు అక్కడ ఉద్యోగాలు రావాలి, తప్పకుండా. కానీ లైన్‌లో నిలబడి బిగించే పని ఒక్కటే మన వంతు అనుకోవద్దు. లోపల శబ్దం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్ల దగ్గరే పేరు, పైసలు మిగులుతున్నాయని ఈ 50 ఏళ్ల కథ చెప్తుంది. ఈసీఈ, ఈఈఈ, ఐటీఐ, పాలిటెక్నిక్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆడియో మీద ఒక మినీ ప్రాజెక్టు అయినా చేయండి. మేము చెడగొట్టిన ఒక హెడ్‌సెట్‌తో నేర్చుకున్నది ఒక సెమిస్టర్ ల్యాబ్‌లో నేర్చుకున్న దానికంటే ఎక్కువ.

ఇక మా మైకు సంగతి.

అతికించాక పనిచేస్తుందో లేదో చూడాలి కదా. ఎవరో ఒకరు మాట్లాడాలి. నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. 8 నెలల అలవాటు, టెస్టింగ్‌కు కూడా నోరు రాలేదు. చివరికి లంబాడ తమ్ముడు మైకు దించి, తెలుగు కాదు, ఇంగ్లిష్ కాదు, గోర్ బోలీలో తన పేరు, తండా పేరు, ఆ పూట ఏం కూర తిన్నాడో చెప్పాడు. రికార్డు అయింది. తర్వాత ఒకరు గోండీలో, ఒకరు కోయలో. నాలుగు గొంతులూ వరసగా పెట్టి విన్నాం. నవ్వుకున్నాం. మా గొంతులు బాగానే ఉన్నాయి. ఏ పదం దగ్గరా అవి తప్పుగా వినిపించలేదు, ఎందుకంటే అవి మా భాషలో ఉన్నాయి.

తర్వాత సెలవులకు ఆ హెడ్‌సెట్‌ను ఒక తండాకు తీసుకుపోయాం. మాలో ఒకరి నానమ్మకు ఢావ్లో పాడటం వచ్చు. పెళ్లికూతురు ఇల్లు విడిచిపోయేటప్పుడు ఏడుస్తూ పాడేది. ఇప్పుడు పెళ్లిళ్లలో డీజే పెడుతున్నారు, ఢావ్లో పాడే ముసలోళ్లు తండాకు ఇద్దరో ముగ్గురో మిగిలారు. నానమ్మ మొదట వద్దంది. "పెళ్లి లేకుండ ఢావ్లో పాడితే ఇంటికి మంచిది కాదు బేటా" అంది. నిజమే, మేము ఆ సంగతి ఆలోచించలేదు. ఆగాం. నెల తర్వాత తండాలోనే ఒక పెళ్లి జరిగింది. ఆ ఇంటివాళ్లను అడిగి, నానమ్మను అడిగి, ఆ రోజు రికార్డు చేశాం. 11 నిమిషాలు. తర్వాత హెడ్‌సెట్ ఆమె చెవులకు పెట్టి వినిపించాం. ఆమె తన గొంతు తాను వినడం అదే మొదటిసారి. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా అమ్మ లెక్కనే ఉంది" అంది.

ఆ హెడ్‌సెట్ చేసినవాళ్లకు ఢావ్లో అంటే తెలియదు. గేమ్‌లో అడుగుల చప్పుడు వినడానికి, "వెనకాల ఉన్నాడు" అని దోస్తుకు చెప్పడానికి చేశారు. మన అవసరం దాన్ని వేరే పనికి వాడింది. వస్తువు మనది కాకపోయినా వాడకం మనదే కావచ్చు.

ఇది చదివి అంతా బాగైపోయిందని అనుకోకండి. కాల్ సెంటర్ ఉద్యోగం రాలేదు. రెండోసారి వేరే చోట ఇచ్చిన ఇంటర్వ్యూలో కూడా వాయిస్ ప్రాసెస్‌కు తీసుకోలేదు, చాట్ ప్రాసెస్‌కు తీసుకున్నారు. అంటే అక్కడ రాయడమే, మాట్లాడటం లేదు. జీతం అవసరం కాబట్టి చేరారు. ఇంగ్లిష్ పలకడం నేర్చుకుంటున్నారు, నేర్చుకోవాలి కూడా. కానీ సిగ్గుపడి నేర్చుకోవడం వేరు, పనికి కావాలని నేర్చుకోవడం వేరు. మొదటి దానిలో మైకు పైకే ఉంటది.

గేమ్‌లో మాత్రం పద్ధతి మార్చాం. తెలియని వాళ్ల స్క్వాడ్‌లో కలవడం మానేసి మేము నలుగురమే ఆడుతున్నాం. ఎడమ, కుడి, వెనక, ఆగు, పరుగెత్తు. ఈ ఐదు మాటలు మూడు భాషల్లోనూ నలుగురం నేర్చుకున్నాం. అందరికీ వినిపించే చానల్‌లో మాట్లాడినా అవతలి వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. మొన్న ఒకడు "భాయ్, ఏ కౌన్‌సీ భాషా హై" అని అడిగాడు. గోండు దోస్తు తాపీగా చెప్పాడు, "గోండీ. ఆదిలాబాద్. గుంజాలలో దొరికిన లిపి కూడా ఉంది దీనికి, 2018 నుంచి యూనికోడ్‌లో ఉంది." వాడు "అచ్ఛా భాయ్" అన్నాడు. ఈసారి ఎవరూ వెక్కిరించలేదు.

ఆఖరికి ఒక విన్నపం. దసరా, దీపావళి సెలవులకు ఊరికి పోతున్నప్పుడు మీ హెడ్‌సెట్ వెంట తీసుకుపోండి. 200 రూపాయలదైనా సరే. మీ ఇంట్లో కథ, పాట, మందు చెట్ల పేర్లు, ఊరి పుట్టుక తెలిసిన పెద్దవాళ్లుంటే రికార్డు చేయండి. కొన్ని జాగ్రత్తలు మేము తప్పులు చేసి నేర్చుకున్నాం. ముందు వాళ్లను అడగండి. వద్దంటే ఆగండి, కొన్ని పాటలకు కాలం, సందర్భం ఉంటాయి. ఫ్యాన్ ఆపండి. మైక్ నోటికి ఎదురుగా కాకుండా పెదవుల పక్కన రెండు వేళ్ల దూరంలో పెట్టండి, లేకపోతే ఊపిరి చప్పుడు పడుతుంది. మొదట్లోనే తేదీ, ఊరి పేరు, పాడేవాళ్ల పేరు వాళ్ల నోటితోనే చెప్పించండి. ఫైలును కనీసం రెండు చోట్ల దాచండి, ఫోను పోతే పాట పోకూడదు. వాళ్లు ఒప్పుకుంటేనే బయట పెట్టండి.

హెడ్‌సెట్ తెగితే పారేయకండి. కొంపల్లి, సుచిత్ర, మేడ్చల్ వైపు ఉన్న మనవాళ్లెవరైనా ఆదివారం మా రూముకు తీసుకురండి. సోల్డరింగ్ ఐరన్ ఉంది, చాయ్ కూడా ఉంటది. అతికించాక పనిచేస్తుందో లేదో చూడటానికి మాత్రం మీరే మాట్లాడాలి, మీ భాషలో.